నాలుగు చక్రాలకు గాలి

పెనుకొండ స్టేషన్లో దిగేటప్పటికి పొద్దున ఆరుంబావు. ఏప్రిల్ నెల, ఎనభైల మొదట్లో. భుజాన కిట్‌బ్యాగు, చేతిలో టూల్‌బాక్సు. కొండ కింద ఎనిమిది టెంట్లు, రెండు జీపులు, ఒక లారీ, ఒక వైర్‌లెస్ స్తంభం. అదే మా క్యాంపు. మ్యాపులకు కొలతలు తీయడం మా పని. మిలిటరీ అంటే మీకు సరిహద్దు, తుపాకి గుర్తొస్తాయి. నా పదిహేనేళ్ళ సర్వీసులో నేను ఎక్కువగా పట్టుకున్నది స్పానరే. లాన్స్ నాయక్ని, బండ్ల మెకానిక్‌ని.

నన్ను ఇక్కడికి వేసింది భాష కోసం. మాది హిందూపురం. ఇంటికి గంటన్నర బస్సు.

పొద్దున ఐదున్నరకు బండ్లు కదలాల. పదకొండు దాటితే ఎండకు దుర్భిణిలో కొండలు అల్లాడతాయి, కొలత కుదరదు. మా పార్టీలో నలుగురం. కెప్టెన్ సాబ్. జీపు తోలే హవల్దారు, రాజస్థాన్ ఎడారి మనిషి. వైర్‌లెస్ ఆపరేటరు, మదరాసు వాడు. నేను.

చిత్రావతి దాటడమే మాకు కష్టం. ఎండాకాలం నీళ్ళుండవు, అంతా ఇసుక. నాలుగు చక్రాలూ తిరిగే జీపైనా నిండు గాలితో దిగితే ఇరుసుదాకా కూరుకుపోతాది. అందుకని గట్టున ఆపి టైర్లలో గాలి సగం తీసేస్తాము. టైరు పరుచుకుంటాది, బండి తేలిపోతాది. అవతల గట్టెక్కినాక మళ్ళీ గాలి పట్టాల. ఎందుకంటే ఇసుక దాటితే అంతా గులకరాళ్ళు, సూదిరాళ్ళు. మెత్తటి టైరు పక్కలు కోసుకుపోతాయి. చేతి పంపుతో నాలుగు టైర్లకు ముప్పావు గంట పట్టేది. చేతులు బొబ్బలెక్కేవి.

కెప్టెన్ సాబ్ పైకి రాసి, మోసుకపోయే గాలిమిషన్లు రెండు తెప్పించినాడు. రెండూ చూసి ఒకటి ఉంచుకొని రెండోది వాపసు పంపమని నాకు చెప్పినాడు. హిందూపురం స్టేషన్లో వాటిని విడిపించుకున్నాము, నేనూ హవల్దారూ.

మొదటిదానికి సొంతంగా పెట్రోలు ఇంజనుండాది. ఇద్దరు ఎత్తాల. మోత ఎక్కువ, నూనె కారతాది. రెండోది సూట్‌కేసంత. జీపు బ్యాటరీకి రెండు క్లిప్పులు తగిలిస్తే చాలు, ఒంటిచేత్తో మోయొచ్చు.

స్టేషన్ రోడ్డులోనే మా నాయన సైకిల్ షాపు. ఆడనే పరీక్ష పెట్టినాను. అది నా బుద్ధి తక్కువ. మా నాయన చుట్టుపక్కల అంగళ్ళవాళ్ళను అందరినీ పిలిచినాడు. నలభై ఏళ్ళు వంగి పంపు కొట్టిన మనిషి. కొడుకు మిలిటరీకి మిషన్ ఎంచుతాండాడని అందరికీ చెప్పుకున్నాడు. పెట్రోలుది మొరాయించి మూడోసారికి అందుకున్నాది. పొగకు అందరూ ముక్కులు మూసుకున్నారు. చిన్నది స్విచ్చి వేస్తానే మొదలైంది. ఒక టైరు, నీడలో, ఎనిమిది నిమిషాలు. మా నాయన దాని మీద చెయ్యి పెట్టి చూసి, "బిడ్డ మాదిరి ఉండాదప్పా" అన్నాడు. అందరూ నవ్వినారు. నాకు కూడా గర్వమైంది.

హవల్దారు నవ్వలేదు. పక్కకు పిలిచి హిందీలో చెప్పినాడు.

"ఒక చక్రం కాదు తమ్ముడూ, వరసగా నాలుగు పట్టి చూడు. నీడలో కాదు, ఎండలో."

చూస్తానని చెప్పినాను. చూడలేదు. మిషన్ మూత లోపల ఒక కాగితం అంటించి ఉండె. పది నిమిషాలు నడిస్తే అరగంట ఆపాలని దాంట్లో రాసినారు. నేను చదివినాను. చదవలేదని ఇప్పుడు చెప్పుకుంటే అబద్ధమైతాది. మనకేం తొందర, ఆపుకుంటా పట్టుకుందామని అనుకున్నాను. పెద్దది దినమూ ఎత్తి దింపాల్సింది నేనే కదా అని కూడా అనుకున్నాను. బరువుదాన్ని రైలెక్కించి వాపసు పంపినాను. సీటు కింద చోటు కోసం చేతి పంపు కూడా తీసి టెంటులో పడేసినాను.

నెల రోజులు బాగానే నడిచింది. ఆపి, టీ తాగి, మళ్ళీ పట్టుకునేవాళ్ళం. పొద్దు ఎక్కువ పట్టినా చేతులు బొబ్బలెక్కేది తప్పింది.

మే నెల ఆఖరు. ఆ దినం బుక్కపట్నం దిగువన, ఏటికి తూర్పు గట్టు మీద ఉన్నాము. కెప్టెన్ సాబ్ క్యాంపులో ఉండిపోయినాడు. పదకొండుంబావుకు ఒక మనిషి పరుగెత్తుకుంటా వచ్చినాడు. గొర్రెలు కాసే ఓబులేసు. రెండు మూడు సార్లు మాకు దారి చూపించినవాడే. పెండ్లాం నరసమ్మను రక్తపింజరి కరిచిందని, అరగంటైందని చెప్పినాడు. కంపచెట్ల కింద పడుకోబెట్టి వచ్చినాడంట.

పోయి చూస్తే మడమ పైన రెండు గాట్లు. కాలు అప్పటికే మోకాలిదాకా ఉబ్బింది. ఆమె ఏడవలేదు. గొర్రెలు చెల్లాచెదరైతాయి, ఎవరన్నా చూడండని మాత్రం అన్నాది. ముప్పై ఏళ్ళుంటాయి. దినానికి పది మైళ్ళు నడిచే మనిషి.

సూదిమందు ధర్మవరం ఆసుపత్రిలో ఉంటాది. ఇరవై రెండు కిలోమీటర్లు. పదకొండున్నరకు జీపులో పడుకోబెట్టినాము. గాలి తీసి ఇసుక దాటినాము. పదకొండూ యాభైకి పడమటి గట్టు. హవల్దారు గడియారం చూసుకొని, "పట్టు" అన్నాడు.

మొదటి వెనక చక్రం తొమ్మిది నిమిషాలు. ఆపలేదు. ఎట్ల ఆపేది? రెండోది మొదలుపెట్టినాను. నిండింది. మూడోదానికి పైపు తగిలించినాక శబ్దం మారింది. కాలిన వాసన. ఆగిపోయింది. పైన చెయ్యి పెట్టలేనంత కాలుతాండె. తడిగుడ్డ వేసినాము. వైర్లు పీకి మళ్ళీ తగిలించినాము. అది మళ్ళీ కదల్లేదు.

"చేతి పంపేది?" అన్నాడు హవల్దారు.

"టెంటులో."

ఆయన పోయి స్టీరింగు ముందు కూర్చున్నాడు. ముందు చక్రాలు మెత్తగానే బండి కదిలించినాడు. మనిషి నడిచే వేగం. ఐదు కిలోమీటర్లకు ఎడమ ముందు టైరు చీలింది. స్టెప్నీ వేసినాము. ఇంకో రెండు కిలోమీటర్లకు కుడిది. రిమ్ము మీద కొంత దూరం లాగినాడు. రాళ్ళలో స్టీరింగు నిలవలేదు. రెండు కావస్తాండె. ఒక్క చెట్టు లేదు. జీపు టార్పాలిన్ నీడలో ఆమె. పళ్ళ సందుల్లో నెత్తురు కారడం మొదలైంది.

ఆపరేటరు సెట్టు తీసినాడు.

"పెనుకొండ, పెనుకొండ. పార్టీ రెండు. పాము కాటు, పేషెంటుంది. రెండు టైర్లు పోయినాయి. రెండో బండి పంపండి."

"గాలిమిషన్ ఉంది కదా, ఓవర్."

ఆపరేటరు నా వైపు చూసినాడు. "పని చేయలేదు, ఓవర్" అన్నాడు.

రెండో జీపు మూడుంబావుకు వచ్చింది. నాలుగింటికి ధర్మవరం. డాక్టరు మనిషి మంచివాడు. వరసగా సూదులు వేసినాడు. ప్రాణం నిలబడతాదని ఆ సాయంత్రమే చెప్పినాడు. కాలు సంగతి అప్పుడే చెప్పలేనన్నాడు. రెండు గంటలు ముందొచ్చుంటే బాగుండేదని నెమ్మదిగా అన్నాడు. ఎవరినీ తప్పు పట్టినట్టు కాదు. తొమ్మిదో దినం మోకాలి కింద కాలు తీసేసినారు.

క్యాంపులో కెప్టెన్ సాబ్ అడిగినాడు, ఆ మిషన్ ఎవరు ఎంచినారని. నేను నోరు తెరిచేలోపల హవల్దారు జవాబు చెప్పినాడు.

"ఇద్దరం కలిసి ఎంచినాం సాబ్."

అట్లనే రాసుకున్నారు. నేను సరిచేయలేదు. ఆ సాయంత్రం ఆయన టెంటు దాకా పోయి నిలబడినాను. ఆయన బూట్లు తుడుచుకుంటాండాడు. కూర్చోమన్నాడు, టీ ఇచ్చినాడు. దాని మాటే ఎత్తలేదు. తిట్టుంటే ఈపాటికి మరిచిపోయుందును.

ఆగస్టులో క్యాంపు ఎత్తేస్తాండారనగా ఓబులేసు ఇంటికి పోయినాను. నరసమ్మ గుమ్మం దగ్గర కూర్చొని మేకపిల్లకు కలబంద నూరి గాయానికి రాస్తాండాది. చంకకర్ర గోడకు ఆనించి ఉండాది. గొర్రెలను ఇప్పుడు ఆమె తమ్ముడు తోలుకపోతాండాడంట. నన్ను చూసి లేవబోయింది. వద్దమ్మా అన్నాను. లోపల్నుంచి మజ్జిగ తెప్పించింది.

"నీ జీపు లేకుంటే ఆ పొద్దే పోతాంటి నాయనా" అన్నాది. "నీ పేరు చెప్పుకొని దినామూ దీపం పెడతాండా."

చెప్పేద్దామనే పోయినాను నేను. ఇంకో మిషన్ ఉండె, బరువని వద్దన్నాను, చేతి పంపు కూడా నేనే తీసేసినాను, నీ కాలు నావల్ల పోయిందని. మాటలన్నీ దారిలో కూడబలుక్కున్నాను. ఆమె మొగం చూసినాక ఒక్కటీ రాలేదు. చెప్తే నా బరువు దిగుతాదేమో కానీ ఆమెకేం మిగులుతాది అనుకున్నాను. అది నిజమో, నా పిరికితనమో, ఇప్పటికీ తేల్చుకోలేదు. మజ్జిగ తాగి వచ్చేసినాను.

హిందూపురంలో బస్సు దిగేటప్పటికి మధ్యాన్నం రెండు. నాయన షాపు ముందర ఎవరిదో సైకిలుకు ప్యాచీ వేస్తాండాడు. చేతులు తుడుచుకొని లేచి, మొదట అడిగింది దాని సంగతే.

"మన మిషన్ ఎట్లుండాదిరా? బాగ పని చేస్తాందా?"

"బాగ చేసింది నాయనా" అన్నాను.

సర్వీసులో చాలా చూసినాను. మంచులో, ఎడారిలో తిరిగినాను. అవన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయినాయి. ఆ ఏటి గట్టు మాత్రం కలవలేదు. మిషన్ ఆగిపోయి, నేనూ హవల్దారూ వైర్లు పీకుతా తలలు వంచి ఉన్నాము. తలెత్తి చూస్తే ఓబులేసు జీపు దిగి ముందు చక్రం దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తలగుడ్డ తీసి పక్కన పెట్టినాడు. వాల్వు మీద దుమ్ము బొటనవేలితో తుడిచి, దాన్ని నోట్లో పెట్టుకొని ఊదతాండాడు. బుగ్గలు ఉబ్బినాయి, మెడ నరాలు తేలినాయి. నోరు తీసి, రొప్పుతా, నన్ను అడిగినాడు.

"ఎక్కతాండాదా సామీ?"

నేను లేదనలేకపోయినాను. ఆయన నేల మీద చేతులానించి, ఇంకోసారి ఊపిరి నిండా పీల్చుకొని, మళ్ళీ వాల్వుకు నోరు పెట్టినాడు.