దేవుని కుండ, పట్టుపావడ

హిందూపురంలో మా కొడుకింట్లో బియ్యానికి ఏ వాసనా ఉండదు. పురుగు పడుతోందని మొన్న నేనే ప్లాస్టిక్ డబ్బాలో వేపరెమ్మలు వేసిపెట్టాను. ఈ పొద్దున మూత తీయగానే ఆ చేదు వాసనకు పెనుకొండలో మా అవ్వ వంటింటి మూల, దేవుని కుండ గుర్తుకొచ్చాయి.

అమ్మ లేని మా అక్కచెల్లెళ్లిద్దరినీ అవ్వే సాకింది. నాయన ధర్మవరంలో పరాయి మగ్గం మీద పట్టుచీరలు నేస్తూ, శనివారం సాయంత్రం రైలుకు వచ్చేవాడు. పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ, సంగటిలోకి పోసే కాసిన్ని బియ్యంలోంచైనా సరే, ఒక పిడికెడు దేవుని కుండలో వేయాలి. కోతల పండుగనాడు దాన్ని చర్చికి మోయాలి. మూడో తరగతిలోనే నన్ను బడి మానిపించారు కాబట్టి ఆ పిడికెడు నా చేతిదే. చెల్లెలు కాంతమ్మకు గచ్చకాయలాట తప్ప మరో పని లేదు.

కుండ నింపితే పట్టుపావడ తెస్తానని నాయన నాకు మాటిచ్చాడు. తెచ్చాడు కూడా, ఎర్రటిది, జరీ అంచుది. వేరుశనగ పెరికే దినాలు, కొండ మీంచి చలిగాలి దిగుతోంది. చర్చి ముందు గుమ్మడికాయలు, చెనక్కాయ కట్టలు, కాళ్లు కట్టిన కోళ్లు చేరుతున్నాయి. పండుగ ముందునాడు నేను కుండ దించితే సగానికే ఉంది. పక్కనే కాంతమ్మ, బుగ్గ నిండా పచ్చిబియ్యం.

“నాయనా, దేవుని బియ్యం ఇదే తినేసిండాది చూడు.”

కాంతమ్మ పరుగెత్తి గొడ్ల కొట్టంలో దాక్కుంది. అవ్వ చీపురు అందుకుంది. దెబ్బల చప్పుడు కోసం నేను చెవులు రిక్కించుకుని నిలబడ్డాను. నాయన మాత్రం అవ్వను ఆపి, పావడ తీసుకుని, ఆ చీకటి కొట్టంలోకి వంగి పోయాడు.

“రామ్మా, చలికి వణుకుతాండావు. ఎవురూ ఏమనరులే.”

బయటికి వచ్చినప్పుడు కాంతమ్మ ఆయన భుజం మీద ఉంది. ఒంటి మీద నా పావడ, పాదాలు దాటి వేలాడుతూ.

“తినింది అది. పావడా దానికేనా?”

“ఆకలైంది, తినింది. నువ్వెప్పుడూ నా కాడనే ఉండావు గదా పాపా. ఈ ఇంట్లో ఉండేదంతా నీదే.”

అవ్వ చీపురు మూలకేసింది. “ఏమబ్బా, రేపు నేనూ కుండలో చెయ్యి పెడతా. నాకూ ఒక పావడ తెస్తావా?”

“తేకుండా పోతానామ్మా?” అని ఆయన నవ్వాడు.

మరునాడు సగం కుండే మోశాను. కుండలోకి ఎవరూ తొంగిచూడలేదు. అందరూ కాంతమ్మ జరీ అంచు పట్టుకుని చూసేవాళ్లే. పాటలకు నేను నోరు విప్పలేదు.

కాంతమ్మ పోయిన ఏడు పోయింది. బతికినన్నాళ్లూ ఎవరింట్లోనైనా పిలవకుండానే పోయి తినేది, తన గడప తొక్కినవాళ్లకు ఎవరు ఏమిటని అడక్కుండా పెట్టేది. దాని సమాధి దగ్గర ఊరంతా ఏడుస్తుంటే కూడా నా కడుపు మండింది. పావడకు కాదు. దానికోసం ఒక మనిషి చీకట్లోకి వంగి పోయాడు. నేను ఒక్క గింజా తినలేదు, అందుకని నన్ను ఎవరూ క్షమించాల్సిన పని పడలేదు.

ఇప్పుడు ఆ కుండా లేదు, కొట్టమూ లేదు. చర్చికి ఇచ్చేది మా కొడుకు ఫోనులోనే పంపేస్తాడు. డబ్బాలోంచి చిటికెడు పచ్చిబియ్యం తీసి నోట్లో వేసుకున్నాను. వేపాకు చేదు తగిలింది. వంటింటి తలుపు చాటున నిలబడి, ఎవరైనా నన్ను వెతుక్కుంటూ వస్తారేమోనని చాలాసేపు నమిలాను.