నీలిముద్ర పడిన ఇల్లు

కబేళాలో ఆమెను అందరూ కత్తక్క అనేవారు. పదహారేళ్లుగా పశువుల తోలు ఒలిచిన చేయి అది. మెడ దగ్గర కత్తి పెట్టిందంటే తోక దాకా ఎక్కడా చిరుగు పడనిచ్చేది కాదు. గిత్త తన్ని పక్కటెముకలు రెండు విరిగిన రోజు కూడా, "నా మొగుడి కంటే ఇదే నయం, ఒక్కసారే తన్నింది" అని అందరినీ నవ్వించింది.

ఆ మొగుడిదీ అదే కబేళా. జబ్బు మాంసాన్ని పట్టుకునే పని అతనిది. ఎక్కడైనా గడ్డ కనిపిస్తే చాలు, టపీమని నీలిముద్ర వేసేవాడు. ముద్ర పడిన మాంసం, దాన్ని తాకిన గోనె, బల్ల మీది గుడ్డ అన్నీ మంటలోకే. ఆవుకు ముద్ర పడితే దాని పాలు తాగే దూడకూ పడాల్సిందే. బుర్రతో పనిలేని ఉద్యోగం కాబట్టి అతనికి బాగా నప్పింది.

కత్తక్క ఎడమ రొమ్ములో గడ్డ బయటపడింది. క్యాన్సరన్నారు. ఆపరేషన్‌కు తారీఖు ఇచ్చిన డాక్టరమ్మ, ఆమె చేసే పని గురించి విని మాటల్లో ఒక సంగతి చెప్పింది.

"పశువుల్లో ఒక వైరస్ ఉంటుందమ్మా. ఈ జబ్బు వచ్చిన కొందరి గడ్డల్లో దాని ఆనవాళ్లు కనిపించాయని కొందరంటున్నారు. మేం వెతికితే దొరకలేదని ఇంకొందరంటున్నారు. దానివల్లే వస్తుందని ఎవరూ తేల్చలేదు. మీరు బెంగ పెట్టుకోకండి."

కత్తక్క నోట్లో మాట దాగదు. ఇంటికొచ్చి ఉన్నదున్నట్టు చెప్పేసింది. మొగుడి చెవికి మాత్రం పశువు, వైరస్, క్యాన్సర్ అనే మూడు ముక్కలే ఎక్కాయి. ఎవరూ తేల్చలేదన్న మాట గాలికి పోయింది.

మర్నాడు పొద్దున్న ఆమె స్నానం చేసి వచ్చేసరికి కంచం మీద, మంచం పట్టె మీద, దుప్పటి మీద నీలిముద్రలు. పరుపు పెరట్లో తగలబడుతోంది. అడ్డం వెళ్లబోతే ముద్ర పిడితో దవడ మీద కొట్టాడు. పన్ను ఊడి నోరంతా నెత్తురైంది. అయినా ఆమె పరుపే కదా, పోనీ అనుకుంది. ఆ ఓర్పు చూస్తే ఎవరికైనా ఒళ్లు మండిపోతుంది.

అక్కడితో ఆగినా బాగుండేది. వంటగదిలో, కాన్పుకని పుట్టింటికొచ్చిన కూతురు తన నాలుగు నెలల పసిదానికి పాలు పడుతోంది. అతను నేరుగా అక్కడికి వెళ్లాడు.

"నువ్వు మీ అమ్మ పాలు తాగి పెరిగినదానివే. నీ పాలల్లోనూ అదే ఉంటుంది. ఇక పట్టొద్దు!" అంటూ పసిదాని కాలు పట్టి లాగాడు. కూతురు వదల్లేదు. జుట్టు పట్టుకుని ఆమె తలను గోడకేసి కొట్టాడు. రొమ్ము మీద ముద్ర అదిమాడు. నీలి సిరా పాలతో కలిసి పసిదాని బుగ్గ మీదికి కారింది.

తనకేం జరిగినా పోనీ అనుకునే మనిషే కత్తక్క. కానీ పసిదాని నోటి దగ్గర కూడు లాగేస్తే చూస్తూ ఊరుకునే రకం కాదు. వెనక నుంచి వచ్చి మొగుడి మోకాలి వెనక ఒక్క తన్ను తన్నింది. అతను బోర్లా పడ్డాడు. చెయ్యి మెలిపెట్టి వీపు మీదికి విరిస్తే భుజం టక్కుమంది. నడుం మీద మోకాలు పెట్టి నొక్కేసింది.

"చంపేస్తావా ఏమే?" అని మొగుడు అరిచాడు.

"చంపితే తోలు కూడా ఒలవాలి. ఇవాళ అంత ఓపిక లేదు."

కూతురు పసిదాన్ని గుండెలకు హత్తుకుంది. "అమ్మా, నిజంగా ఈ పాలకి ఏం కాదా?"

"నన్నడగకు. డాక్టరమ్మకి ఫోన్ చెయ్."

జరిగిందంతా విన్నాక, స్పీకర్లో డాక్టరమ్మ గొంతు గదంతా వినిపించింది. "మీ అమ్మకి జబ్బు వచ్చిందని మీ పాలు విషమైపోవమ్మా. పట్టండి. పట్టేసి, ఆ తల దెబ్బ చూపించుకోవడానికి ఇప్పుడే రండి."

కూతురు తడిగుడ్డతో సిరా తుడుచుకుంది. ఏడ్చి ఏడ్చి అలిసిన పసిది గబుక్కున అందుకుంది. గుటకల చప్పుడు, కింద మొగుడి రొప్పు తప్ప ఇంకేమీ వినిపించలేదు.

"అమ్మా, ఒక పక్క అయింది," అంది కూతురు కాసేపటికి.

కత్తక్క నెత్తురు ఉమ్మేసి, మోకాలు ఇంకాస్త అదిమింది.

"రెండో పక్క కూడా పట్టు తల్లీ. నాకేం తొందర లేదు."