బేరగాళ్లతో గండికోటకు

గండికోట లోయను నా మొగుడు ఎన్నిసార్లు చూశాడో ఆయనకే గుర్తుండదు. తాడిపత్రిలో మాకు బండలు పాలిష్ చేసే చిన్న ఫ్యాక్టరీ ఉంది. బండలు కొనడానికి ఎక్కడెక్కడి నుంచో మనుషులు వస్తారు. రెండు రోజులు మా ఊళ్లో ఉంటే వాళ్లకు రాతిదుమ్ము తప్ప చూడటానికేమీ దొరకదు. అందుకని తిరిగి వెళ్లే ముందు ఆయన వాళ్లను కారెక్కించుకుని గండికోటకు తీసుకుపోతాడు. అక్కడ పెన్నా నది కొండను నిలువునా చీల్చుకుని పారుతుంది. ఆ అంచున నిలబెట్టి చూపించడానికి ఆయనకొక గైడు కూడా ఉన్నాడు. ముందు రోజు ఫోన్ చేస్తే చాలు, ఆ పూటకు ఇంకెవరినీ ఒప్పుకోకుండా కోట దగ్గర కాచుకుని ఉంటాడు. లోయ చూసి ఫోటో దిగినవాడు బేరం దగ్గర ఎక్కువ గింజుకోడని మా ఆయన నమ్మకం.

ఆ ఫోటోలన్నీ నేను సెల్లులో చూశాను. సూరత్ వాళ్లు, ఇండోర్ వాళ్లు, కేరళ నుంచి వచ్చిన ముగ్గురు అన్నదమ్ములు. అందరి పక్కనా మా ఆయన చేతులు కట్టుకుని, ఆ లోయ తన సొంత ఆస్తి అన్నట్టు నిలబడి ఉంటాడు. పెళ్లయిన కొత్తలో ఒకసారి, పాప పుట్టాక ఒకసారి, నన్నూ తీసుకుపొమ్మని అడిగాను.

"ఏముండాది ఆడ? బండలు. మన ఫ్యాక్టరీలో లేవా బండలు? రోజూ వచ్చి చూడు, ఎవురొద్దంటారు" అన్నాడు రెండోసారి.

నవ్వుతూనే అన్నాడు. నేనూ నవ్వాను. మూడోసారి అడగలేదు.

ఇదంతా విన్నవాళ్లు, అదేమన్నా కాశీనా, రామేశ్వరమా, బస్సెక్కి నువ్వే పోయి రావచ్చు కదా అంటారు. పోవచ్చు. మా అమ్మాయి కాలేజీలో చేరిన ఏడాదే స్నేహితురాళ్లతో వెళ్లి చూసి వచ్చింది. "రామ్మా, నేను తీస్కపోతా" అని బతిమాలింది కూడా. నేను కదల్లేదు. చూపిస్తే ఆయనే చూపించాలి. ముక్కూ మొహం తెలియని ప్రతివాడికీ చూపించిన మనిషి ఒక్కసారి నాకు చూపించాలి, అంతే. మొండితనమే, కాదనను. శింగనమల దగ్గర మెట్టచేలలో పుట్టినదాన్ని. మా నాయన ముప్పై ఏళ్లు మబ్బుల వంక చూస్తూ చెనిక్కాయలు విత్తాడు. మొండితనం లేకపోతే మా వంశమే ఉండేది కాదు.

కిందటేడు చలికాలంలో నాగపూర్ నుంచి ఒకాయన భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. పెద్ద హోటల్ కడుతున్నాడట. నేలంతా మా బండలే పరిచేలా ఉన్నాడని మా ఆయన రెండు రోజులు నేల మీద నిలబడలేదు. రెండో రోజు సాయంత్రం ఇంటికి వచ్చి చెప్పులు విడుస్తూ, "రేపు గండికోటకు నువ్వు గూడా రావల్ల" అన్నాడు.

చేతిలో గరిటె అలాగే పట్టుకుని నిలబడిపోయాను. ఇరవై రెండేళ్ల తర్వాత పెళ్లిచూపుల నాటి పిల్లలాగా గుండె కొట్టుకుంది. ఆ సంతోషం ఆయన రెండో చెప్పు విడిచేదాకా ఉంది.

"ఆయమ్మ గూడా వస్తాంది గదా, ఆమెకు తోడు ఆడమనిషి ఎవురన్నా ఉండల్ల. వాళ్లు బయట తినరంట. ఎర్రగడ్డలు, తెల్లగడ్డలు వేయకుండా ఏమన్నా చేసి తీస్కరా. ఓళిగలు చెయ్యి, బాగుంటాది."

ఉల్లీ వెల్లుల్లీ లేకుండానే చేస్తాను, సరే అన్నాను. ఏం చేయను, నా ఆశ నాకు సిగ్గు లేకుండా చేసింది. ఎలా తీసుకుపోతే ఏం, తీసుకుపోతున్నాడు కదా అనుకున్నాను. నాలుగింటికి లేచి పప్పూ బెల్లం పూర్ణం పెట్టి ఓళిగలు కాల్చాను, నిమ్మకాయ చిత్రాన్నం కలిపాను, పెరుగన్నం, చెనిక్కాయల పొడి, ఊరగాయ సర్దాను. వక్కరంగు పట్టుచీర ఇస్త్రీ చేసుకున్నాను కానీ, పొయ్యి దగ్గర పని తెమిలేసరికి కారు హారన్ వినిపించింది. కట్టుకున్న నూలు చీరతోనే పరుగెత్తాను. చేతులకు ఇంకా పసుపు ఉంది.

లాడ్జి దగ్గర ఆయన నన్ను వాళ్లకు పరిచయం చేశాడు. నా భార్య అని హిందీలో చెప్పాడు, ఆ మాట నేను చెవులారా విన్నాను. ఆమె నా రెండు చేతులూ పట్టుకుంది. నా ఈడుదే. కాళ్లకు తెల్ల బూట్లు, తల మీద టోపీ. పక్కన కూర్చోమని పిలిచింది కానీ మా ఆయన, "నువ్వు ఎనక కూర్చో, గిన్నెలు దొర్లుతాయి" అన్నాడు. గిన్నెలు దొర్లుతాయన్నది నిజమే. కారు ఆఖరి సీటుకు పోయి కాళ్ల మధ్య క్యారియర్ పెట్టుకుని కూర్చున్నాను. దారి పొడవునా ఆయన బండల గురించే మాట్లాడాడు.

కోటలో కారు ఆగేసరికి గైడు సిద్ధంగా ఉన్నాడు. అరవై దాటిన మనిషి, చేతిలో కర్ర, మెడలో తువ్వాలు. ముందు తలుపు తీసి నాగపూరాయనకు దండం పెట్టాడు, తర్వాత ఆయన భార్యకు పెట్టాడు. చివరికి వెనక తలుపు తీశాడు. ఒక చేత్తో క్యారియర్, ఇంకో చేత్తో నీళ్ల క్యాను పట్టుకుని, నడుం వంచుకుని నేను దిగాను. ఆయన నాకు దండం పెట్టలేదు. క్యాను అందుకుని కింద పెట్టాడు.

అందరం మసీదు దాటి, పాత ధాన్యపు కొట్టు పక్కగా నడిచాం. బరువంతా నా చేతుల్లోనే ఉంది. లోయ అంచుకు పోయే చోట బండరాళ్లు అడ్డదిడ్డంగా పడి ఉంటాయి, వాటి మీద ఎక్కుతూ దిగుతూ పోవాలి. అక్కడ గైడు ఆగి నా వైపు తిరిగాడు.

"ఏమ్మే, నువ్వు ఈడ్నే ఉండు. ఆ పక్క కోతులు జాస్తి, సామాన్లు పెరుకుతాయి. సేటు వాళ్లకు నేను చూపిచ్చి తీస్కొస్తా. అంతలోపల నువ్వు ఆకులు గీకులు కడిగి పెట్టుకో."

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక తల కొట్టేసినట్టయింది. ఆయన నన్ను వంటమనిషి అనుకున్నాడు. ఆయన తప్పు ఏముంది? ఇన్నేళ్లుగా మా ఆయన ఈ కోటకు ఎవరెవరినో తెచ్చాడు, భార్యను మాత్రం తేలేదు. వెనక సీటులోంచి గిన్నెలతో దిగిన పసుపు చేతుల ఆడమనిషిని చూసి ఇంకేమనుకుంటాడు?

మా ఆయన రెండడుగుల దూరంలో ఉన్నాడు. విన్నాడు. వినలేదని నన్ను నేను నమ్మించుకోవడానికి చాలా రోజులు ప్రయత్నించాను, కుదరలేదు. తల తిప్పి నన్ను చూశాడు, గైడును చూశాడు. నాగపూరాయన అప్పటికే రాళ్లెక్కుతూ ఏదో అడుగుతున్నాడు. మా ఆయన అన్న మాట ఇది:

"అవు, ఈడ్నే ఉండు. బిరీన వచ్చేస్తాం."

వెళ్లిపోయారు. నేను తోడుండాల్సిన నాగపూరామె తెల్ల బూట్లతో అందరికంటే ముందు చకచకా ఎక్కిపోయింది. ఆమెకు ఏ తోడూ అక్కర్లేదు.

నేను ఒక రాతి మీద కూర్చున్నాను. బండల అవతల నుంచి వాళ్ల మాటలు వినిపిస్తున్నాయి. గైడు గొంతు పెంచి ఏ రాజు ఎప్పుడు కట్టించాడో చెబుతున్నాడు. మా ఆయన, ఆ గోడ కోస్తే ఎన్ని లారీల బండలొస్తాయో అని హిందీలో అంటే అందరూ నవ్వారు. ప్రతి పార్టీకీ ఇదే జోకు వేస్తాడని నాకు తెలుసు, ఇంటికొచ్చి నాకూ చెబుతుంటాడు కనుక. కోపం గైడు మీద కాదు. ఇరవై రెండేళ్లు ఎదురుచూసి, చివరికి ఆ లోయకు వంద గజాల దూరంలో ఊరగాయ సీసాకు కాపలా కూర్చున్న నా మీద నాకే అసహ్యం వేసింది.

పక్కన చెట్టు కింద జామకాయలు అమ్మే ముసలామె నన్నే చూస్తోంది.

"ఏమ్మా, చూసేకి పోలేదా?" అంది.

"సామాన్లుండాయి కదవ్వా."

"సామాన్లు యాడికి పోతాయి, నేను చూస్తాంటా పో. ఇంత దూరమొచ్చి ఈడ కూర్చుంటారా ఎవురన్నా?"

లేచాను. చెప్పులు విడిచేసి, చీర కుచ్చిళ్లు ఎగదోపి, చేతులు ఆనించుకుంటూ రాళ్లెక్కాను. ఆఖరి బండ దాటగానే కింద నేల లేదు. చెక్కి పేర్చినట్టున్న ఎర్రటి బండలు రెండు పక్కలా నిలువునా దిగిపోతున్నాయి. ఆ అడుగున, ఎక్కడో లోతులో, పచ్చటి నీళ్లు. మా తాడిపత్రి దగ్గర ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకగా కనిపించే పెన్న ఇదేనంటే నమ్మబుద్ధి కాలేదు. కళ్లు తిరిగాయి. ఒక రాతిని పట్టుకున్నాను. చాలా అందంగా ఉంది. ఇంత అందమైనదాన్ని నాకు చూపించడానికి ఆ మనిషికి మనసొప్పలేదా అనిపించి ఏడుపొచ్చింది. చూడాల్సినదాన్ని సరిగా చూడనివ్వలేదు ఆ ఏడుపు.

ముందు గైడు చూశాడు నన్ను.

"ఏమ్మే, సామాన్లు ఇడ్సిపెట్టి వస్తివే" అన్నాడు కర్ర ఎత్తి.

నాగపూరామె అటు తిరిగి, నన్ను చూసి సంబరంగా చేయి చాపింది. ఫోటో దిగుదాం రమ్మంది. మీరెప్పుడూ వస్తూనే ఉంటారు కదా, మీకు ఇదంతా పాతే అంది హిందీలో. పక్కింటి ముస్లిం ఆమె దగ్గర నేర్చుకున్న ఉర్దూ నాకు కొంచెం వచ్చు. లేదు, ఇదే మొదటిసారి అన్నాను. ఆమె నవ్వు ఆగిపోయింది. నన్నూ, మా ఆయన్నూ మార్చి మార్చి చూసింది. గైడుకు హిందీ బాగా వచ్చు. ఈమె ఎవరని ఆమెనే అడిగాడు.

"మీ సేటు గారి భార్య. మీకు తెలియదా?" అంది ఆమె.

నేనెవరో అతనికి చెప్పింది నా మొగుడు కాదు, రెండు రోజుల కిందట నాగపూర్ నుంచి దిగిన పరాయి ఆడమనిషి.

గైడు ముఖం మాడిపోయింది. మెడలోని తువ్వాలు తీసి చేతిలో పట్టుకుని మా ఆయన దగ్గరికి పోయాడు.

"తెలీలేదు సేటూ. తప్పయింది."

"ఏం కాదులే అప్పా, దానికేముండాది" అన్నాడు మా ఆయన.

నా తరఫున తానే క్షమించేశాడు. అప్పుడు నా నోరు లేచింది.

"నన్ను గదా అనింది, నాకు చెప్పప్పా" అన్నాను.

పెద్దాయన నా ముందుకు వచ్చాడు. రెండు చేతులూ జోడించి, "తప్పయింది తల్లీ, మనసులో పెట్టుకోవాకు" అన్నాడు. కళ్లలో నిజంగానే నొచ్చుకున్న భావం ఉంది. సరేలే అన్నాను. తర్వాత మా ఆయన వైపు చూశాను. ఆయన సెల్లు తీసి నాగపూర్ దంపతులను ఇంకొంచెం ఎడమకు జరగమన్నాడు.

తిరిగి వస్తున్నప్పుడు వాళ్లు ముందు నడిచారు. ఆయన కావాలని వెనకబడి నా పక్కకు వచ్చాడు.

"ముసలాయప్ప, తెలీక ఏదో అన్నాడు. దానికి అందరి ముందర అంత రచ్చ ఎందుకు?"

"ఆయప్పకు తెల్దు. నీకు తెలుసు గదా" అన్నాను.

ఆయన గబగబా నడిచి నాగపూరాయనను కలుసుకున్నాడు. జామకాయల చెట్టు దగ్గర నేను చెప్పులు తొడుక్కున్నాను.

నీడలో ప్లాస్టిక్ పట్ట పరిచి అందరినీ కూర్చోమన్నాను. గైడు అలవాటు ప్రకారం దూరంగా బండ మీద కూర్చున్నాడు. గెస్టులు తిన్నాక మిగిలింది తీసుకునే మనిషి. నేను పిలిచాను. రానన్నాడు, మళ్లీ పిలిచాను. వచ్చి కూర్చున్నాక మొదటి విస్తరి ఆయన ముందే వేశాను, నాకు తప్పయిందని చెప్పిన మనిషి ఆయనొక్కడే. రెండు ఓళిగలు, మీద నెయ్యి, పక్కన చిత్రాన్నం వడ్డించాను.

"ముందు గెస్టులకు పెట్టు" అన్నాడు మా ఆయన, పళ్ల మధ్య నుంచి.

గైడు తినడం మొదలుపెట్టాకే గెస్టులకు పెట్టాను. మా ఆయనకు ఆఖరున పెట్టాను.

నాగపూర్ ఆర్డరు మాకే వచ్చింది. ఇప్పుడు మా ఆయన ఎవరింటికి భోజనానికి వెళ్లినా ఈ కథ చెబుతాడు. అంత పెద్ద పార్టీని పక్కన కూర్చోబెట్టి మా ఆమె గైడుకు ముందు వడ్డించింది చూడండప్పా అని చెప్పి నవ్వుతాడు, అందరూ నవ్వుతారు. ఎందుకు వడ్డించానో మాత్రం చెప్పడు. నన్నడిగితే నేను చెబుతాను. ఇంతవరకూ ఎవరూ అడగలేదు.