మూటల కాడ కాంచన

వేలూరు దగ్గర గుడియాత్తంలో చేనేత మగ్గాలు ఆగేది నెలకు ఒక్క రోజు, అమావాస్య నాడు. ఆ రోజు మగ్గం గుంటలో కాలు పెట్టకూడదని పెద్దలు ఎందుకన్నారో ఎవరికీ తెలియదు. ఆ వంకనైనా మనిషి నడుం వాలుస్తాడని అన్నారేమో. తెలుగు సీమలో అమావాస్య ప్రయాణమంటే మొహం చిట్లిస్తారు, తమిళ సీమలో అదే మంచి రోజంటారు. రెంటికీ నడుమ పుట్టి పెరిగిన ఈ నేతవాళ్ళకు ఆ గొడవే లేదు. మగ్గం ఆగిందా, పోదాం పా. వాళ్ళు ఊళ్ళు చూసేది ఆ రోజే.

కాంచన అట్లా పోని ఊరు లేదు. మునుస్వామిని కట్టుకుని ముప్పై ఏళ్ళు దాటింది. ఆయన కైలీ లుంగీలు నేస్తాడు, ఈమె రాట్నం ముందు కూచుని ఆయన మగ్గానికి నూలు కండెలు చుడుతుంది. హొగెనకల్, ఏలగిరి, మామల్లపురం, తిరువణ్ణామలై, అన్నీ అయినాయి. అయితే హొగెనకల్ ఎట్లా ఉంటుందో కాంచనను అడిగి చూడండి. జలపాతం హోరు బాగా వినిపిస్తుందంటుంది. వినడమే గాని ఆమె జలపాతాన్ని చూసింది లేదు. ఆమె చూసినవి నాలుగు సంచులు, ఇంటిల్లిపాది చెప్పులు, ఆడబిడ్డ సరస్వతమ్మ స్నానానికి పోతూ విప్పి రుమాల్లో ముడివేసి ఇచ్చిన బంగారు గొలుసు. మామల్లపురంలో సముద్రానికి వీపు పెట్టి కూచుంది. సముద్రాన్ని ఎవరూ ఎత్తుకుపోరు, సంచులను ఎత్తుకుపోతారు కదా. మోర్ధానా డ్యాము నిండి పొర్లిన ఏడాది గుడియాత్తం సగం బండ్లేసుకుని చూడ్డానికి పోయింది. కాంచన కూడా పోయింది. పోయి, దిగువన ఆపిన బండ్ల దగ్గర తాళాలు చేత పట్టుకుని నిలబడి, ఇంటికి వచ్చేసింది.

ఇదంతా చాలా మామూలుగా మొదలయింది. పెళ్ళయిన కొత్త, మొదటిసారి హొగెనకల్. అత్తగారు చుట్టూ చూసి, "నువ్వు రవ్వంత సేపు ఈడ కూచో కాంచనా, మేము మునిగి వచ్చేస్తాము" అంది. కొత్త కోడలు కాదంటుందా? కూచుంది. వాళ్ళు వచ్చేసరికి పొద్దు వాలింది, బస్సుకు టైమయింది. తర్వాతి అమావాస్యకు ఎవరూ చెప్పలేదు, అయినా కూచుంది. ఆ పైన చెప్పాల్సిన పనే లేకపోయింది. బస్సు దిగగానే తలా ఒక సంచి ఆమె ముందు పెట్టి పోయేవాళ్ళు. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అన్నారా. అట్లాగని వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. తిరిగొచ్చేటప్పుడు ఆమెకు ఉడకబెట్టిన వేరుసెనక్కాయలు తెచ్చేవాళ్ళు, ఉప్పుకారం జల్లిన మామిడికాయ ముక్కలు తెచ్చేవాళ్ళు. ఈ మనిషికి కూడా చూడాలని ఉంటుందేమో అన్న ఆలోచన ఒక్కటి తప్ప అన్నీ తెచ్చేవాళ్ళు. ఇది చెబుతుంటే నాకు కోపం వస్తుంది గాని కాంచనకు రాదు. ఆమెకు దిగులు, అంతే. ఇంటికొచ్చి ఆ తడి బట్టలన్నీ ఆరేసేటప్పుడు మాత్రం ఆ దిగులు కాస్త ఎక్కువయ్యేది.

మొన్న శివరాత్రి వచ్చే మాసి నెలలో కూతురు యోగిత వేలూరు నుంచి వచ్చింది. యోగిత అక్కడ బట్టల అంగడిలో పని చేస్తుంది, మొగుడు రూపేష్ సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు. వచ్చీరాగానే ఫోను తీసి ఒక వీడియో చూపింది. నీళ్ళ మీద తెల్ల పడవ ఒకటి దూసుకుపోతోంది, పైన పొడుగు కాళ్ళ పక్షులు గుంపుగా లేస్తున్నాయి.

"ఇది పులికాటు సరస్సుమా, ఆంధ్రా పక్కన. స్పీడు బోటు మాట్లాడుకుంటే దీవులన్నీ చూసుకోని సాయంత్రానికి తిరుక్కోవచ్చు. వచ్చే అమావాస్యకు పోదామా?"

పడవ మునిగితే ఎట్లా అని సరస్వతమ్మ అడిగింది. అన్నం యాడ తినేది అని మునుస్వామి అడిగాడు. కాంచన అడిగింది వేరే.

"సంచులు యాడ పెట్టేది?"

"యాడ పెట్టేదేముండాదిమా, పడవలోనే. ప్రైవేటు బోటు గదా, పొద్దంతా మనదే. ఇంకెవురూ ఎక్కరు. మన సంచులు మనతోనే వస్తాయి."

కాంచన చేతిలో రాట్నం ఆగింది. సంచులు కూడా పడవెక్కుతాయంటే గట్టున ఎవరూ కూచోనక్కర్లేదు. ఇంత చిన్న ఉపాయం ఇన్నేళ్ళు ఎవరికీ తట్టలేదే అనుకుంది. "పోదాం," అంది. అందరికంటే ముందు కాంచన పోదాం అనడం ఆ ఇంట్లో అదే మొదలు. మునుస్వామి ఆమె వైపు వింతగా చూశాడు.

ఆ నెలంతా ఆమె ఎవరికీ చెప్పకుండా సంతోషపడింది. కండెలు చుడుతూ చుడుతూ పడవలో ఏ పక్కన కూచుంటే నీళ్ళు చేతికి అందుతాయో అని ఆలోచించింది. దీవి అంటే చుట్టూ నీళ్ళు ఉండే నేల అని బడిలో చదివింది. ఆ నేల మీద నిలబడి నాలుగు వైపులా తిరిగి చూడాలి. కోరిక అంటారా, అంతే. రాజ్యాలేమీ అడగలేదు ఆమె.

అమావాస్య వచ్చింది. మొగుడూ పెళ్ళాం, సరస్వతమ్మ, కూతురూ అల్లుడూ, మొత్తం ఐదుగురు. తొలి రైలెక్కి, అరక్కోణంలో మారి, తర్వాత ఇంకో రైలు, దాని తర్వాత బస్సు, ఆఖరుకు ఆటో. రేవు దగ్గర దిగేసరికి ఎండ ముదిరింది. పులిహోర క్యారియరు, పెరుగన్నం, నీళ్ళ క్యాన్లు, మార్చుకునే బట్టలు, దేనికైనా మంచిదని సరస్వతమ్మ తెచ్చిన దుప్పటి, అన్నీ కలిసి ఒక పెళ్ళి సామానంత అయింది. రేవులో పెద్ద బోర్డు ఉంది, తెలుగులో. ఐదుగురూ పుట్టినప్పట్నించి మాట్లాడేది తెలుగే, తిట్టుకునేదీ తెలుగే, చదవడం మాత్రం ఒక్కరికీ రాదు. బడిలో నేర్చింది అరవం. బోర్డు బాగుందని దాని ముందు నిలబడి ఫొటో తీసుకున్నారు.

పడవ నడిపే మనిషి పేరు సామ్యుల్. అందరినీ చెయ్యిచ్చి ఎక్కించాడు. కాంచన నెలరోజులుగా అనుకున్న అంచునే కూచుంది. సంచులన్నీ ఆమె కాళ్ళ దగ్గరే ఉన్నాయి, ఉండనీ. చెయ్యి కిందికి జారవిడిస్తే నీళ్ళు తగిలాయి, వెచ్చగా ఉన్నాయి. ఇంజను మోగింది, పడవ కదిలింది. నాలుగు బారలు పోయిందో లేదో కింద ఇసుకలో గర్రుమని గీరుకుని ఆగిపోయింది.

సామ్యుల్ నీళ్ళలోకి దూకి తోసి చూశాడు. పడవ ఊగింది గాని కదల్లేదు.

"ఐదుమంది అన్నారు, సరే అన్నాను. ఇంత సామాను ఉండాదని చెప్పలేదే," అన్నాడు. "ఇయ్యాల అమావాస్య కదా. పున్నానికీ అమావాస్యకీ సముద్రం నీళ్ళు బాగా వెనక్కి లాగేస్తాది, ఈ ఇసక మిట్టలన్నీ పైకి తేలిపోతాయి. ఆ బోర్డు మీద రాసిందే, చూసుకోలేదా?"

"చూసినాం," అన్నాడు మునుస్వామి. ఫొటో కూడా దిగినాం అనలేదు. "మాకు మగ్గం నిలిపేది ఈ పొద్దే గదప్పా. ఇంకో రోజు యాడ కుదురుతాది?"

"మీ మగ్గం నిలిస్తే సముద్రం నిలవదు కదన్నా. మళ్ళా నీళ్ళు ఎక్కేసరికి మధ్యాహ్నం దాటతాది. మీకు రైలు తప్పిపోతాది. ఒక పని చేద్దాం. ఆ మూటలూ, మీలో ఒక మనిషీ దిగితే చాలు. మిట్ట దాటేస్తే ఆ పైన లోతే."

మూటలూ, ఒక మనిషీ. ఆ మాట వినగానే నలుగురూ తిరిగి కాంచన వైపు చూశారు. అందులో చెడు తలంపు ఏమీ లేదు, పొద్దున లేచి తూర్పు వైపు చూసినట్టు చూశారు. దానికంటే పెద్ద విచిత్రం, కాంచన చెయ్యి అప్పటికే క్యారియరు పిడి పట్టుకుంది, నడుం సగం లేచింది. ఎవరూ చెప్పకముందే ఒళ్ళు దానంతట అదే లేచిపోయింది. అది చూసుకుని ఆమెకే భయం వేసింది. పిడి వదిలేసి మళ్ళీ కూచుంది.

"నేను దిగను," అంది.

"ఏమన్నావు?" అంది సరస్వతమ్మ.

"నేను దిగను వదినా."

"మరి నేను దిగాల్నా, ఈ మోకాళ్ళు పెట్టుకోని?"

"ఏమే, ఏమయింది నీకు?" అన్నాడు మునుస్వామి. "రవ్వంత సేపే గదా. ఇట్లా పోయి అట్లా వచ్చేస్తాము. దిగు, సీక్రం."

"రవ్వంత సేపే అయితే నువ్వు కూచోప్పా."

మునుస్వామి నీళ్ళ క్యాను మూత విప్పి మళ్ళీ బిగించాడు. ఇంట్లో మాట మీద మాట అనని మనిషి నడి నీళ్ళలో అంటే ఆయన మాత్రం ఏం చేస్తాడు. రూపేష్ ఫోను గుడ్డతో తుడుచుకుంటూ కూచున్నాడు. సామ్యుల్ మోకాటి లోతు నీళ్ళలో నిలబడి పడవ అంచు పట్టుకుని, ఇంటి గొడవలో మనకెందుకని ఆకాశం చూస్తున్నాడు.

అప్పుడు యోగిత లేచింది.

"సరేలేమా, నేనుంటాను. మీరు పోయి రాండి. నేను ఇంకొకసారి చూసుకుంటాలే."

"సరే యోగీ," అన్నాడు రూపేష్, ఫోను మీంచి తల ఎత్తకుండానే. "సంచులు నీడలో పెట్టుకో, అన్నం పాడైపోతాది."

కాంచనకు గుండెలో కలుక్కుమంది. ఇన్నేళ్ళు తన మీద ఎవరెన్ని మూటలు పెట్టి పోయినా అంత నొప్పి కలగలేదు. ఈ పడవ కోసం వేలూరు నుంచి గుడియాత్తం దాకా ఎన్నిసార్లు ఫోన్లు చేసిందో ఈ పిల్ల. అందరికంటే ఆశగా వచ్చింది ఇదే. అది చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని దిగడానికి ఒక కాలు ఎత్తింది. కాంచన దాని మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"కూచో."

"పరవాలేదుమా."

"పరవాలేదనే నేనూ కూచున్నా హొగెనకల్లో. నీకంటే చిన్నదాన్ని అప్పుడు. ఈ పొద్దు నువ్వు దిగినావంటే రేపట్నించి నిన్నే దించుతారు. చెడ్డోళ్ళయి కాదు, అలవాటయి. కూచో తల్లీ."

కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దాచుకోవాలని కూడా అనుకోలేదు. యోగిత కూచుంది, తల్లి చెయ్యి వదల్లేదు. రూపేష్ ఫోను జేబులో పెట్టేశాడు.

మునుస్వామి పెళ్ళాన్ని చూశాడు, కూతుర్ని చూశాడు. ఆయన మగ్గం మీద మాత్రమే తెలివైన మనిషని వీధిలో అంటారు గాని, అంత తెలియని వాడేమీ కాదు. నెమ్మదిగా లేచి కైలీ పైకి మడిచి కట్టుకున్నాడు. "దారి ఇడువుప్పా," అని సామ్యుల్‌తో అని నీళ్ళలోకి దిగాడు. సంచులు ఒక్కొక్కటే అందుకుని గట్టుకు చేర్చాడు.

"గొలుసు ఆ ఎర్ర సంచిలో ఉండాదిరా, జాగ్రత్త," అని సరస్వతమ్మ తమ్ముడికి కేకేసింది.

పడవ తేలింది, మిట్ట దాటింది. సామ్యుల్ ఇంజను పెంచాడు. ముందు భాగం గాల్లోకి లేచేసరికి సరస్వతమ్మ ఉన్న దేవుళ్ళందరినీ పిలిచింది. కాంచనకూ భయమే, కానీ కళ్ళు మూసుకోలేదు. చూడాల్సినవి బాకీ పడి ఉన్నాయి, మూసుకుంటే ఎట్లా. తుంపర మొహాన కొడుతోంది, ఉప్పగా ఉంది. ఒకసారి వెనక్కి చూసింది. గట్టు మీద ఐదారు మూటలు కనిపించాయి. అందులో ఒకటి మునుస్వామి అని పోల్చుకోవడానికి కాస్త సేపు పట్టింది. తను కూడా వీళ్ళకు ఇట్లాగే కనిపించి ఉంటుంది.

మొదటి దీవి చిన్నది. ఇసుక, కొన్ని పొదలు, అవతల ఒడ్డున పక్షులు. ఎవరూ డబ్బిచ్చి చూడాల్సినంత గొప్పదేమీ కాదని నేను చెప్పగలను, కాంచన ఒప్పుకోదు. చెప్పులు పడవలోనే వదిలేసి దిగింది. తడి ఇసుకలో నడిచి నడుమకు పోయి, మెల్లగా ఒక చుట్టు తిరిగింది. బడిలో చెప్పింది నిజమే, నాలుగు వైపులా నీళ్ళే. యోగిత పక్కన వచ్చి నిలబడింది. పక్షులు ఒక్కసారిగా లేచినప్పుడు కాంచన పైకి చూస్తూ పసిపిల్లలా నవ్వింది.

యోగిత ఫోను మోగింది. మునుస్వామి.

"యాడ ఉండారు? ఎప్పుడొస్తారు?"

"ఇప్పుడే గదా నాయనా వచ్చింది."

కాసేపటికి మళ్ళీ మోగింది. పడవ ఎక్కడానికి అందరూ ఒడ్డుకు వస్తున్నారు. ఈసారి అమ్మకు ఇవ్వమన్నాడు.

"నీడ జరిగిపోయిందే," అన్నాడు. "ఒక కుక్క పులిహోర చుట్టూరా తిరుగుతాంది. లేచి రవ్వంత నడుస్తామంటే మూటలు ఇడిచి పోలేకపోతుండా. మాట్లాడను ఒక మనిషి లేడు."

కాంచన ఊఁ కొట్టింది. అవతల ఆయన కుక్కను అదిలించడం వినిపించింది. తర్వాత అడిగాడు.

"ఇన్నేండ్లు ఎట్లా కూచున్నావే నువ్వు?"

కాంచన దగ్గర జవాబు లేక కాదు. ఒక్కో ఊరికి ఒక్కొక్కటి ఉంది, మొదలుపెడితే ఒక అమావాస్య చాలదు. కానీ సామ్యుల్ అప్పటికే ఇంజను వేశాడు, పడవలోంచి రూపేష్ చెయ్యి చాపి, "రాండత్తా," అంటున్నాడు.

"వచ్చినాక చెప్తాలేప్పా," అంది. "పడవ కదల్తాండాది, రెండో దీవి చూడాల."