గోడకు పెట్టిన మూడు వాక్యాలు

కరోనా తగ్గి బళ్లు మళ్లీ తెరిచిన ఏడాది, శ్రావణమాసంలో, నన్ను కొత్తపేట అవతల గోదావరి గట్టు కింద ఉన్న ఒక శాఖా గ్రంథాలయానికి బదిలీ చేసేరు. ఊరి పేరు రాయను, ఎందుకో చదివితే తెలుస్తుంది. నా హోదా మూడో గ్రేడు గ్రంథపాలకురాలు. పేరు పెద్దదే గానీ, తలుపు తీసి ఊడ్చుకోవడం దగ్గర్నుంచి రిజిస్టర్లు రాయడం దాకా ఒక్క మనిషే.

నేను బడి మొహం చూసినదాన్ని కాదు. చిన్నప్పుడు కాలికి జబ్బు చేస్తే మా తాతయ్యగారే ఇంట్లో చదువు చెప్పేరు. పొద్దున్న సహస్రనామం అయ్యాక ఒక పుస్తకం నా చేతికిచ్చి తన పనికి తాను పోయేవారు. సాయంత్రం తీసుకుని బీరువాలో పెట్టేసేవారు. ఏం చదివేవు, ఏం తెలిసింది అని ఒక్కనాడూ అడగలేదు. తరవాత ప్రైవేటుగా పరీక్షలు కట్టి, గ్రంథాలయ శాస్త్రంలో సర్టిఫికెట్ కోర్సు చేసి ఉద్యోగంలో చేరేను. భగవంతుడు నాకు చేసిన మేళ్లలో తాతయ్యగారు మొదటిది.

నేను వెళ్లేసరికి పిల్లలు పుస్తకం మొహం మర్చిపోయి ఉన్నారు. శనివారం మధ్యాహ్నం చదువు గంట జరపాలనీ, జరిగినట్టు వాట్సాప్ గ్రూపులో ఫోటోలు పెట్టాలనీ పైనుంచి ఉత్తర్వు. హైస్కూలు తెలుగు మాస్టారు ఎనిమిదో తరగతిని తీసుకొచ్చేవారు. మొదటి రెండు వారాలూ పిల్లలు బొమ్మలు చూసి పోయేరు. మూడో వారం వేణి ఒక పుస్తకం ఇంటికి అడిగింది. వేణి అసలు పేరు కాదు.

పిల్లలకు సభ్యత్వం ఇవ్వాలంటే పెద్దవాళ్ల జామీను సంతకం ఉండాలి. వేణి తల్లి మస్కట్‌లో ఇంటిపనికి వెళ్లింది. తండ్రి సూర్యారావు, ఈ పేరూ మార్చిందే, కొబ్బరి రాశుల దగ్గర కాయలు ఒలుస్తాడు. ఆయన వచ్చి వేలిముద్ర వేసేడు. "పుస్తకం చింపితే ఈపు చింపుతానండి, మీరేం బెంగెట్టుకోకండి," అన్నాడు. హాస్యమనుకుని నవ్వేను.

ఆ పిల్ల వారానికి రెండు పుస్తకాలు చదివేది. తిరిగిచ్చేటప్పుడు తేదీ ముద్ర నేను వేస్తుంటే, మళ్లీ ఏది తీసుకోవాలా అని బీరువా వైపే చూసేది. అంతవరకు అంతా బాగుంది. అక్కడితో ఆగాల్సింది నేను.

ఫోటోల్లో ఊరికే కూర్చున్న పిల్లలే కనపడుతున్నారని పై అధికారి ఒకాయన అన్నారు. దాంతో నాకొక ఆలోచన వచ్చింది. చదివిన ప్రతి పిల్లా పుస్తకం గురించి మూడు వాక్యాలు రాయాలి, బాగున్నది పేరుతో సహా గోడకు పెడతాను. ఉత్తర్వులో ఈ మాట లేదు, నేనే పెట్టేను. వేణి ఒక పడవవాడి కథ చదివి ఇలా రాసింది: "ఈ కథలో నాన్న ఇంటికొస్తుంటే పిల్ల ఎదురెళ్తుంది. మా నాన్న సైకిల్ చప్పుడు వినపడగానే నేనూ మామ్మా దొడ్లోకి పోతాం. ఇది అబద్ధం కథే గానీ నాకు బాగుంది, రెండుసార్లు చదివేను."

ఆ వాక్యాల పొందిక చూసి నేను పొంగిపోయేను. పిన్నుతో గోడకు గుచ్చి, పక్కన వేణిని నిలబెట్టి ఫోటో తీసి గ్రూపులో పెట్టేను. మాస్టారు దాన్ని తల్లిదండ్రుల గ్రూపుకి పంపేరు. మర్నాడు కొబ్బరి రాశి దగ్గర ఎవరో పదిమంది ముందూ చదివి వినిపించేరట. "ఏవయ్యా సూర్యారావూ, నీ సైకిల్‌కి బెల్లు అక్కర్లేదంట కదా!" అన్నారట.

సోమవారం ఆయన వచ్చేడు. చెప్పులు గుమ్మం బయటే విడిచేడు. పడవవాడి కథ బల్ల మీద పెట్టేడు.

"అమ్మగారండీ, నాకు సదువు రాదండి. మీకొచ్చు గదండి. గోడకెట్టేముందు అది సదివే ఎట్టేరా అండి?"

"చదివేనండి."

"సదివి ఏటి సేసేరండి?"

"ఫోటో తీసేనండి."

తన వేలిముద్ర తీసేయమన్నాడు. జామీనుదారు రాతపూర్వకంగా కోరితే కార్డు రద్దు చెయ్యాలి. నాలుగు రోజులు ఆపే వీలు నాకుంది. ఆపలేదు. ఆయన తరఫున అర్జీ నేనే రాసి, వేలిముద్ర వేయించుకుని, ఎర్రసిరాతో కార్డు కొట్టేసేను. పుస్తకానికి వాపసు ముద్ర వేసేను. చింపలేదు, మడత కూడా లేదు.

బుధవారం వేణి మామ్మగారు వచ్చి గుమ్మంలోనే నిలబడ్డారు. "పిల్లకి చెయ్యిరిగిందండి ఆయ్. జారిపడిందని సెప్పమన్నాడండి," అన్నారు. నేను పిల్లల సహాయ కేంద్రానికి ఫోను చేసేను. ఇద్దరు ఉద్యోగులు వెళ్లి అడిగేరు. దొడ్లో జారిపడ్డానని వేణి చెప్పింది, అవునని మామ్మగారూ చెప్పేరు. వాళ్లు రాసుకుని వెళ్లిపోయేరు.

రెండు నెలలకు కట్టు విప్పేక ఆ పిల్ల బడి నుంచి పోతూ నా గుమ్మం ముందు కనపడింది. నేను ఒక కథల పుస్తకం పట్టుకుని ఎదురెళ్లేను. రిజిస్టరులో ఎక్కించను, కార్డు అక్కర్లేదు, ఎవరికీ చెప్పను, ఇక్కడే కూర్చుని చదువుకో అన్నాను. ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో నేను నిబంధన దాటబోయింది ఆ ఒక్కసారే.

"వద్దండి," అంది.

"ఏమ్మా?"

"సదివితే మళ్లీ ఏదో రాయాలనిపిస్తదండి."

సంచీ మంచి చెయ్యి వైపు భుజానికి మార్చుకుని వెళ్లిపోయింది. నేనున్నన్నాళ్లూ మళ్లీ లోపలికి రాలేదు.

ఆ సాయంత్రమే గోడ మీది కాగితాలన్నీ తీసి ఎవరివి వాళ్లకిచ్చేసేను. మాస్టారితో తగువు పడ్డాను. పైవాళ్లు సంజాయిషీ అడిగితే, ఇక ఈ గ్రంథాలయం నుంచి పిల్లల రాతలు రావని రాసిచ్చేను. శనివారాలు పిల్లలు చదువుకుని పోయేవారు. కొందరికి పుస్తకం రుచి తెలిసింది. భగవంతుడి దయ.

రిటైరయిన రోజు చార్జి అప్పగిస్తుంటే, కొత్తగా వచ్చినావిడ పిల్లల అభిప్రాయాల పుస్తకం ఏదండీ అని అడిగింది. లేదన్నాను. పెడితే బాగుంటుందేమో అంది. పుస్తకం ఇచ్చేటప్పుడు ఒక ముద్ర, తీసుకునేటప్పుడు ఒక ముద్ర, ఆ రెంటి మధ్యా జరిగినది పిల్లది, మనది కాదు అని చెప్పేను. అది తాతయ్యగారి దగ్గర పదేళ్లకే నేర్చుకున్నాను. వేణి చెయ్యి విరిగేక గానీ గుర్తుకు రాలేదు.