అగరొత్తుల పొగట!

ఆ శనివారం, పరాయి దేశంలో మేముండే టూంగాబీలో మా మరిది కార్లో గుడికి బయల్దేరాం. వెనక సీట్లో నేనూ, ఆరేళ్ల మా పాపా. ఎంత చెప్పినా వినకుండా అతను కారు నడుపుతూనే వేప్, అదే ఎలక్ట్రానిక్ సిగరెట్, పీల్చి వదిలాడు. ముందద్దమంతా పొగ. రోడ్డు దాటుతున్న ముసలావిడ ఆఖరి క్షణంలో కనబడింది. సడన్ బ్రేక్! వెంట్రుకవాసిలో తప్పింది.

వెనకే వస్తున్న పోలీసు మా కారాపించి, ఆ పొగేమిటని అడిగాడు. మరిది డాష్‌బోర్డు మీది వినాయకుణ్ణి చూపించి, "ఇన్సెన్స్ సర్, ఫర్ ప్రేయర్" అన్నాడు.

"నో బాబాయ్, ఇట్స్ యువర్ మ్యాంగో వేప్!" అంది పాప.

పిల్లలున్న కార్లో వేప్ పీల్చడం ఇక్కడ నేరం. జరిమానా వేశారు.

"పాపకి కాస్త లౌక్యం నేర్పొచ్చు కదా వదినా" అన్నాడు దారిలో. నాకు ఒళ్లు మండిపోయింది.

ఇప్పుడు మామిడిపండు వాసనొస్తే చాలు, ఆ ముసలావిడ మొహమే కనబడుతోంది. నాకిష్టమైన పండునీ పాడుచేశాడు మహానుభావుడు!