ముందు కూర్చున్న రాయి

కల్హేర్ దగ్గరి చెరువులో మా ఆయనా నేనూ చేపలు పట్టి నారాయణఖేడ్ అంగడిలో అమ్మేవాళ్లం. ఎంత తారు పూసినా మా పడవ అడుగున నీళ్లు ఊరేవి. ఆయనది భారీ మనిషి. వెనక కూర్చుని తెడ్డు వేస్తే పడవ ముక్కు పైకి లేచేది, నీళ్లన్నీ ఆయన కాళ్ల దగ్గరికి చేరేవి. ముందు కూర్చునే నేను తోడిపోయడానికి డబ్బా పట్టుకుని లేస్తే పడవ పక్కకు ఒరిగేది. నీళ్లూ అటే ఉరికేవి.

"లేవకు. కూసొనే జరుగు," అని గదిమేవాడు.

"గంత మనిషివి, నువ్వే జర ముందటికి రారాదు," అనేదాన్ని. ఆయన జరిగేవాడు కాదు, నేను ఊరుకునేదాన్ని కాదు. వల తీసేదాకా అదే పంచాయితీ.

ఆయన చనిపోయిన మరుసటి ఏడాది ఒక్కదాన్నే పడవెక్కి, తెడ్డు పట్టుకుని ఆయన చోట కూర్చున్నాను. ముక్కు లేచింది. దిగి, ఒడ్డునున్న పెద్ద రాయిని దొర్లించుకొచ్చి నేను కూర్చునే చోట పెట్టాను. పడవ సమంగా నిలిచింది.

చెరువు నడుమకు పోయాక గాలి లేచి పడవ ఊగింది. "లేవకు," అని గదిమాను.

రాయి ఎదురు చెప్పలేదు.